కమాను, సఫ్, కంఠస్వరం: గోలుకొండ పరిసర మసీదులలో ధ్వని

కుతుబ్‌షాహీల మసీదులను గురించి ఇంతవరకు వెలువడిన రచనలలో అధికభాగం మూడు విషయాల చుట్టూ తిరిగింది: శిలాశాసనాలు, గచ్చుపని, మీనారులు. ఈ మూడూ కంటితో చూసి తెలుసుకోదగినవి. అయితే మసీదు కట్టడంలో కంటికంటె చెవికే ఎక్కువ పని ఉంటుంది. అక్కడ ఆరాధనకు విగ్రహం లేదు, పటం లేదు. అజాన్, ఇఖామత్, తక్బీర్, ఖిరాఅత్, ఖుత్బా, దుఆ అన్నీ కంఠస్వరం మీదనే ఆధారపడినవి. ఇమాము స్వరం వెనుక వరుసలకు అందకపోతే ఎంతటి సుందరమైన కట్టడమైనా తన ప్రధానకార్యంలో లోపించినట్లే. కనుక ఒక మసీదు చరిత్ర వ్రాసేటప్పుడు, అందులో శబ్దం ఎలా ప్రవర్తించేదన్న ప్రశ్న కూడా అడగవలసి ఉంటుంది.

ఈ ప్రశ్న హైదరాబాదుకు సంబంధించినంతవరకు పండితుల కుతూహలంతో తీరిపోయేది కాదు. గోలుకొండ కోటకు ఉత్తర, వాయవ్య దిక్కులలో ఉన్న షేక్‌పేట, రాయదుర్గం, గుట్టల బేగంపేట, మాదాపూర్ ఒకప్పుడు కోటను ఆశ్రయించుకొని బ్రతికిన పల్లెలు. దుర్గం చెరువు కోటకు మంచినీరు అందించేది. షేక్‌పేట సరాయిలో బాటసారులు బస చేసేవారు. సరాయి ఆవరణలోనే వారికొక మసీదు ఉండేది. గుట్టల బేగంపేట గుట్టపై ఉన్న ఆలంగీరు మసీదును 1687లో గోలుకొండను ముట్టడించిన ఔరంగజేబు దండుతో ముడిపెట్టి స్థానికులు చెప్పుకొంటారు. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. కొద్ది కుటుంబాల కోసం కట్టిన మసీదులకు నేడు చుట్టుప్రక్కల కార్యాలయాల ఉద్యోగులు జుమా నమాజుకు వస్తున్నారు. స్థలం చాలనప్పుడు మరమ్మతులు, విస్తరణలు తప్పవు. ఆ మరమ్మతులలో మొదట బలి అయ్యేది తరచు కంటికి కనిపించని గుణమే. ఆ గుణమేమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ పరిశీలించవలసి ఉంది.

వినడం ఒక ధర్మం

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో నిర్మించిన మసీదుకు ఖర్జూరపు దుంగలే స్తంభాలు, ఖర్జూరపు మట్టలే కప్పు. ఆయన మొదట ఒక దుంగకు ఆనుకొని ప్రసంగించేవారనీ, తరువాత ఆయన కోసం మెట్లున్న కొయ్య మింబర్ తయారైందనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. వక్త నేలమీద నిలబడితే అతని స్వరం మొదటి వరుసలోని తలలకు తగిలి ఆగిపోతుంది. రెండు మెట్లు ఎక్కితే ఆ తలల మీదుగా వెనుకవారికి చేరుతుంది. మింబర్ గౌరవచిహ్నమైంది తరువాతి కాలంలో. మొదట అది స్వరం చేరవేసే సాధనం.

ప్రవక్త (స) చివరి అస్వస్థత కాలంలో కూర్చొని నమాజు చేయించినపుడు, బలహీనపడిన ఆయన తక్బీరును హజ్రత్ అబూబక్ర్ (రజి) బిగ్గరగా పలికి జనానికి వినిపించారు. పెద్ద జమాఅత్‌లలో ఇమాము తక్బీరును అందుకొని పలికే ముకబ్బిర్ పద్ధతికి న్యాయవేత్తలు ఈ సంఘటననే ఆధారంగా చూపుతారు. కైరో, ఇస్తాంబుల్ మసీదులలో ముకబ్బిర్ల కోసం ప్రత్యేకంగా ఎత్తైన వేదికలే వెలిశాయి.

ఫిఖ్‌హ్ గ్రంథాలు ఈ విషయాన్ని ఇంకా లోతుగా చూశాయి. ఇమాము రుకూలోకి వెళ్లాడా, సజ్దాలో ఉన్నాడా అన్నది ముక్తదీకి తెలిసి ఉండాలి. చూసి తెలుసుకోవచ్చు, విని తెలుసుకోవచ్చు, ముకబ్బిర్ ద్వారా తెలుసుకోవచ్చు. ఏదో ఒక మార్గాన తెలియనిదే అనుసరణ కుదరదు. ఖుత్బా సమయంలో మౌనం పాటించాలి. హనఫీ పండితుల బలమైన అభిప్రాయం ప్రకారం దూరంగా ఉండి ఖుత్బా వినపడనివారికి సైతం ఈ నియమం వర్తిస్తుంది. మరొక సూక్ష్మమైన నియమం కూడా ఉంది. సజ్దా ఆయతును మనిషి నోట వింటే సజ్దా చేయవలసి ఉంటుంది. అదే ఆయతు కొండనుంచో గోడనుంచో మరలివచ్చిన ప్రతిధ్వనిగా మాత్రమే వినిపిస్తే హనఫీ మతం ప్రకారం ఆ బాధ్యత లేదు. 'సదా' అని అరబ్బీలో పిలిచే ఆ ప్రతిధ్వనిని వారు పారాయణంగా లెక్కించలేదు. పలికినవాని స్వరం వేరు, కట్టడం తిరిగి పలికే స్వరం వేరు అని న్యాయవేత్తలు శతాబ్దాల క్రితమే గుర్తించారన్నమాట. ఒక మసీదు శ్రవణగుణం ఈ రెండింటి నిష్పత్తిలోనే ఉంది.

మూడు గోడల మందిరం

దక్కనులో మసీదు రూపం ఈ అవసరానికి ఒక ప్రత్యేకమైన సమాధానం చెప్పింది. ఉస్మానీ తుర్కుల పెద్ద మసీదులు చలిదేశానికి తగినట్లు నాలుగువైపులా మూసిన గుమ్మటపు గదులు. కుతుబ్‌షాహీల మసీదు సాధారణంగా మూడు గోడల మందిరం. పడమట ఖిబ్లా గోడ, ఉత్తర దక్షిణాల ప్రక్క గోడలు ఉంటాయి. తూర్పున గోడ బదులు మూడో ఐదో కమానులు నేరుగా సహన్‌లోకి తెరచుకొని ఉంటాయి. గోలుకొండ కోట సమీపాన 1518లో సుల్తాన్ కులీ కట్టించిన జామె మసీదు నుంచి ఈ వంశపు చివరి సంవత్సరాలవరకు స్థూలంగా ఇదే పద్ధతి. కార్వాన్ ప్రాంతంలో మూసాఖాన్ 1671లో కట్టించిన తోలీ మసీదులో బయటి మందిరానికి ఐదు కమానులు, లోపలి మందిరానికి మూడు కమానులు ఉన్నాయి. మహమ్మద్ కుతుబ్‌షా పునాది వేయగా 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తి అయిన మక్కా మసీదు సైతం తూర్పుముఖంగా ఐదు మహాకమానులతో తెరచుకొని ఉంటుంది.

ఈ సంప్రదాయానికి మినహాయింపుగా కనిపించే గుల్బర్గా జామె మసీదు ఒక విధంగా ఆ సూత్రాన్నే బలపరుస్తుంది. 1367 నాటి ఈ బహమనీ కట్టడానికి సహన్ లేదు. సుమారు 216 అడుగుల పొడవు, 176 అడుగుల వెడల్పు గల స్థలమంతా కప్పు క్రిందనే ఉంది. అంత విశాలమైన స్థలాన్ని కప్పినవారు దాని బయటి గోడలను కమానులతో తెరచి ఉంచారు. గాలి, వెలుతురు వారి ఉద్దేశం కావచ్చు. కాని గాలి ప్రవేశించే దారినే శబ్దం బయటకు పోతుంది.

మందిరం లోపల మరొక విశేషం మిహ్రాబ్. నమాజులో ఇమాము జనానికి వీపుపెట్టి ఖిబ్లావైపు నిలబడతాడు. అతని స్వరం ముందు గోడకు తగిలి వెనుకకు రావలసిందే. కుతుబ్‌షాహీ మిహ్రాబ్ లోతైన, పలు ముఖాలుగల గూడు, పైన అర్ధగుమ్మటం. స్వరం ఎటుపడితే అటు చెదరిపోకుండా ఆ గూడు దానిని వెనుక వరుసలవైపు మరలిస్తుంది. గోలుకొండ ఫతే దర్వాజా గుమ్మటం క్రింద కొట్టిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరంలోని బాలాహిసారుకు వినిపిస్తాయన్న విషయం జగద్విదితం. వంపు తిరిగిన తలాలు శబ్దాన్ని ఎలా పంపిస్తాయో ఈ నేల మేస్త్రీలకు అనుభవపూర్వకంగా తెలుసుననడానికి ఆ ద్వారమే సాక్ష్యం.

తెరచిన కిటికీ అనే కొలమానం

మేస్త్రీలకు అనుభవంగా తెలిసినదానిని లెక్కగా చెప్పినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో ఆయనకొక పని అప్పగించారు. విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ఒక్క మాటా అర్థం కావడం లేదు. పలికిన మాట ఐదారు సెకన్లపాటు గదిలోనే మ్రోగుతూ తరువాతి మాటలను మ్రింగివేస్తున్నది. సాబిన్ సమీపంలోని మరో నాటకశాలనుంచి ఆసనాల మెత్తలను రాత్రివేళ మోయించి తెచ్చి, ఒక ఆర్గన్ గొట్టాన్ని మ్రోగించి, ఎన్ని మెత్తలు పరిస్తే మారుమోత ఎంత తగ్గుతుందో గడియారంతో కొలిచాడు. ఆ ప్రయోగాలలో తాను ధరించిన దుస్తులు సైతం ఫలితాన్ని మారుస్తున్నాయని గ్రహించి, అంతకుముందు చేసిన వేలాది కొలతలను పక్కన పెట్టి, ఆపై ఒకే రకం దుస్తులతో పని సాగించాడు. ఒక్క మనిషి అంగీ మారితే గది ధ్వని మారుతుందన్న సత్యం అలా నిర్ధారణ అయింది.

ఆయన సూత్రం సరళమైనది. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే మారుమోత అణగిపోవడానికి పట్టే కాలం సెకన్లలో వస్తుంది. శోషణకు ఆయన నిలిపిన కొలమానం తెరచిన కిటికీ. కిటికీలోనుంచి పోయిన శబ్దం తిరిగి రాదు గనుక ఒక చదరపు మీటరు తెరపి సంపూర్ణ శోషణకు ఒక ప్రమాణం. గచ్చుగోడ, రాతినేల తమమీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటాయి. వరుసలో నిలబడిన మనిషి, బట్టలను బట్టి, సుమారు 0.4 చదరపు మీటర్ల తెరపితో సమానం. పలుచని నూలు చొక్కాకు ఇది కొంత తగ్గుతుంది, మందపాటి షేర్వానీకి పెరుగుతుంది.

ఈ సూత్రాన్ని ఒక చిన్న కుతుబ్‌షాహీ మసీదు నమూనాకు అన్వయించి చూడవచ్చు. లెక్క కోసం 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల లోతు, 6 మీటర్ల ఎత్తు గల మందిరాన్ని ఊహించుకుందాం. తూర్పున ఒక్కొక్కటి 10 చదరపు మీటర్ల తెరపిగల కమానులు మూడు. నేలపై తివాచీ లేదు. ఘనపరిమాణం 720 ఘనపు మీటర్లు. గోడలు, కప్పు, నేల కలిసి సుమారు 12 ప్రమాణాల శబ్దాన్ని పీల్చుకుంటాయి; మూడు కమానులు 30 ప్రమాణాలు. మందిరం ఖాళీగా ఉన్నపుడు మారుమోత కాలం 2.8 సెకన్లు. ఇరవైమంది ఉంటే 2.3 సెకన్లు. నూటయాభైమంది నిండితే 1.1 సెకను. ప్రసంగం స్పష్టంగా అర్థం కావడానికి ఒక సెకను ప్రాంతం అనుకూలమైనదని నిపుణుల అభిప్రాయం. అంటే జుమానాటి జమాఅత్ వచ్చి నిలబడేసరికి ఆ మందిరం తనంతట తానే ఖుత్బాకు సిద్ధమవుతుంది.

ఇక ఆ మూడు కమానులకు అద్దాలు బిగించి చూద్దాం. అద్దం దాదాపు గోడవలెనే శబ్దాన్ని తిప్పికొడుతుంది. ఖాళీ మందిరంలో మారుమోత కాలం 2.8 నుంచి సుమారు 9 సెకన్లకు పెరుగుతుంది. ఇరవైమంది ఉన్నపుడు 5.5 సెకన్లు. నూటయాభైమంది ఉన్నపుడు 1.6 సెకన్లు. నిజమైన మందిరాలలో శబ్దం సూత్రం కోరినంత సమంగా వ్యాపించదు కనుక ఈ అంకెలలో కొంత హెచ్చుతగ్గు ఉండవచ్చు. వాటి పొందిక మాత్రం మారదు.

ఈ పొందికలోనే అసలు సంగతి ఉంది. పది చదరపు మీటర్ల కమాను ఒక్కటి వరుసలో నిలబడిన ఇరవైఐదుమందితో సమానం. మూడు కమానులు డెబ్బైఐదుమంది చేసే పని చేస్తాయి. జుమానాడు జనమే శబ్దాన్ని అదుపులో పెడతారు గనుక కమాను మూసినా నష్టం అంతగా తెలియదు. కాని ఫజ్ర్‌కు ఒక వరుస, అస్ర్‌కు ఒకటిన్నర వరుస ఉండే మామూలు దినాలలో, రాని జనం పనిని కమాను చేస్తున్నది. కుతుబ్‌షాహీ మేస్త్రీ తెరచి ఉంచిన తూర్పుముఖం నిండిన మసీదుకంటె నిండని మసీదుకే ఎక్కువ ఉపకరిస్తుంది.

జమాఅత్ చేసే మేలు, దాని హద్దు

మూసిన గుమ్మటం క్రింద ఈ సమస్యను ఇతరులు మరో విధంగా ఎదుర్కొన్నారు. ఇస్తాంబుల్‌లో 1550-1557 మధ్య సినాన్ నిర్మించిన సులేమానియా మసీదు గుమ్మటంలో నోళ్లు లోపలికి ఉండేలా మట్టికుండలు అమర్చారు. అటువంటి కుండ తన పరిమాణాన్ని బట్టి కొన్ని మందరస్వరాలను పట్టి అణచగలదు. 2000-2003 మధ్య ఐరోపా సంఘం సహాయంతో సాగిన ఒక పరిశోధన సినాన్ మసీదుల ధ్వనిని వారసత్వసంపదగా పరిగణించి కొలిచింది. కట్టడంలోని రాయి, రంగు వలె శబ్దం కూడా పరిరక్షించదగినదన్న భావన అలా స్థిరపడింది.

దక్కను మసీదుకు కుండల అవసరం అంతగా కలుగలేదు. దానికి కమాను ఉంది, జమాఅత్ ఉంది. సఫ్‌లలో భుజం భుజం ఆనుకొని, మధ్య సందు లేకుండా నిలబడాలన్న ఆదేశం వల్ల మసీదు నేలమీద మనుషుల సాంద్రత మరే సభాశాలలోనూ లేనంతగా ఉంటుంది. కుర్చీల శాలలో మనిషికి పట్టే చోటు కంటె సఫ్‌లో పట్టే చోటు తక్కువ. పైగా ఈ శ్రోతలు కదులుతారు. ఖియామ్‌లో నిలుచున్నపుడు దేహం దాదాపు పూర్తిగా శబ్దానికి ఎదురుగా ఉంటుంది. సజ్దాలో అది నేలకు ఒదిగిపోతుంది, గోడలు బయటపడతాయి. ఒకే రకాతులో మందిరం ధ్వని పలుమార్లు మారుతుంది. ఖుత్బా వేళ జనం కూర్చొని ఉండడం, ఖతీబు మింబర్‌పై నిలబడడం స్వరానికి అత్యంత అనుకూలమైన అమరిక.

అయితే జమాఅత్ చేసే మేలుకు ఒక హద్దు ఉంది. మారుమోతను పీల్చుకునే జనమే ఇమాము స్వరాన్ని కూడా పీల్చుకుంటారు. తెరచిన స్థలంలో దూరం రెట్టింపైతే శబ్దతీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. తలల వరుసల మీదుగా ప్రాకే స్వరం అంతకంటె త్వరగా క్షీణిస్తుంది. మక్కా మసీదు మందిరానికి సాధారణంగా చెప్పే కొలతలు 220 అడుగుల వెడల్పు, 180 అడుగుల లోతు, 75 అడుగుల ఎత్తు. ఆ లోతును దాటడానికి స్వరానికి సెకనులో ఆరోవంతు పడుతుంది. ఆపైన విశాలమైన సహన్ ఉంది. అంతటి జమాఅత్‌కు ఒక్క కంఠం చాలదు. అక్కడ ముకబ్బిర్ అవసరమౌతాడు. ఇట్లా పాత ఏర్పాటులో మూడు అంగాలున్నాయి: మారుమోతను బయటకు పంపే కమాను, మిగిలినదానిని అణచే సఫ్‌లు, క్షీణించిన స్వరాన్ని తిరిగి నిలబెట్టే ముకబ్బిర్. ఒకదానిని తొలగిస్తే మిగిలిన రెండింటిమీద భారం పడుతుంది.

లౌడ్‌స్పీకరు, అద్దాలు, చల్లని గాలి

ఇరవయ్యో శతాబ్దిలో లౌడ్‌స్పీకరు వచ్చినపుడు భారత ఉపఖండపు ఉలమా దానిని గురించి తీవ్రంగా చర్చించారు. యంత్రంలోనుంచి వచ్చేది ఇమాము స్వరమేనా, లేక ప్రతిధ్వని వంటి మరొక శబ్దమా అన్నది ఆ చర్చలో కీలకప్రశ్న. పైన చెప్పిన 'సదా' నియమం తెలిసినవారికి ఈ సందేహం ఎక్కడినుంచి పుట్టిందో సులభంగా బోధపడుతుంది. ఇమాము స్వరాన్నే విద్యుత్తు పెద్దది చేస్తుందన్న అభిప్రాయం క్రమంగా నిలదొక్కుకొని, నేడు లౌడ్‌స్పీకరు లేని మసీదు అరుదైపోయింది. ధర్మసందేహం తీరింది గాని ధ్వనిసందేహం మిగిలే ఉంది. మారుమోత ఎక్కువగా ఉన్న గదిలో స్వరాన్ని పెద్దది చేస్తే మారుమోత కూడా అంతే పెద్దదవుతుంది. రెండు లౌడ్‌స్పీకర్లనుంచి ఒకే మాట, పదిహేడు మీటర్లకు మించిన దూరభేదంతో, సెకనులో ఇరవయ్యోవంతు దాటిన ఎడంతో చెవికి చేరితే అది రెండు మాటలుగా వినిపించసాగుతుంది. సౌదీ అరేబియాలోని 21 మసీదులలో శబ్దాన్ని కొలిచిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. లౌడ్‌స్పీకర్లు, శీతలయంత్రాలు పనిచేస్తున్నపుడు, ఆగినపుడు వేర్వేరుగా కొలవడం అందులోని విశేషం. యంత్రాలనుంచి వచ్చే రొద కూడా శ్రవణాన్ని చెరుపుతుందన్న గ్రహింపు దానివెనుక ఉంది.

హైటెక్ సిటీ పరిసరాలలో రహదారుల రొద, దుమ్ము, వేసవి తాపం కాదనలేనివి. కమానులకు అద్దాలు బిగించి శీతలయంత్రాలు పెట్టాలన్న కోరిక సహజమే. మసీదుకు వచ్చే వృద్ధుల, రోగుల సౌకర్యం కూడా చూడవలసినదే. కాని ఆ నిర్ణయంవల్ల చెల్లించే మూల్యం తెలియాలి. మొదటిది, మామూలు దినాల నమాజులో ఖిరాఅత్ అస్పష్టమౌతుంది. రెండవది, జుమానాడు సహన్‌లో నిలబడిన జనం లోపలి సఫ్‌లనుంచి తెగిపోతారు. పూర్వం కమానుగుండా వారికి స్వరమూ దృశ్యమూ రెండూ అందేవి. మధ్యలో విద్యుత్తు పోతే ఇమాము స్థితి వారికి తెలిసే మార్గమే ఉండదు. జమాఅత్ ఒకటిగా ఉండడానికి ఫిఖ్‌హ్ విధించిన షరతునే అద్దం పరీక్షకు పెడుతున్నది.

తివాచీ పరిస్తే చాలునని కొందరంటారు. పై ఉదాహరణలోని అద్దాల మందిరంలో నేలంతా మందపాటి తివాచీ పరిస్తే తొమ్మిది సెకన్లు సుమారు మూడున్నరకు దిగివస్తాయి. అది చిన్న మేలు కాదు. అయినా తివాచీ తారస్వరాలను ఎక్కువగా, మందరస్వరాలను తక్కువగా పీల్చుకుంటుంది. మాటకు స్పష్టతనిచ్చే హల్లులు తారస్వరాలలోనే ఉన్నాయి గనుక అవి అణగి, గుంయిమనే మ్రోత మిగులుతుంది. తెరచిన కమాను అన్ని స్వరాలనూ సమంగా బయటకు పంపుతుంది.

కనుక ముతవల్లీలు, మసీదు కమిటీలు మరమ్మతులకు పూనుకొనేముందు కొన్ని విషయాలు ఆలోచించడం మంచిది. కమానులను మూయక తప్పనిచోట స్థిరమైన అద్దం కంటె మడిచే తలుపులు మేలు. రొద, ఎండ తగ్గిన వేళ వాటిని తెరవవచ్చు. గోడలకు నున్నని పలకలు అంటించే బదులు సున్నపు గచ్చును గచ్చుగానే బాగుచేయడం కట్టడానికీ చెవికీ హితం. బలమైన ఒక లౌడ్‌స్పీకరు కంటె తక్కువ స్వరంతో, శ్రోతలకు దగ్గరగా, వారివైపు తిప్పిన చిన్నవి కొన్ని మేలు. వాటి స్థాయిని ఖాళీ మందిరంలో విని నిర్ణయించరాదు. జుమాకు జనం నిండినపుడు ఒకసారి, అస్ర్‌కు ఒక వరుస ఉన్నపుడు మరొకసారి విని రెండు స్థాయిలు గుర్తుపెట్టుకోవాలి. సహన్‌లో జమాఅత్ నిలబడే ప్రతి మసీదులోనూ, యంత్రం ఉన్నా సరే, ముకబ్బిర్ బాధ్యత తెలిసినవాడొకడు మధ్య సఫ్‌లో ఉండాలి.

షేక్‌పేటనుంచి గుట్టల బేగంపేటవరకు మిగిలిన పాత మసీదుల కొలతలు, శాసనాలు, చిత్రాలు భద్రపరచడం ఎంత అవసరమో, కమానులు తెరచి ఉన్నపుడు వాటిలో మారుమోత ఎంతకాలం నిలుస్తుందో కొలిచి వ్రాసి ఉంచడం కూడా అంతే అవసరం. దీనికి పెద్ద యంత్రసామగ్రి అక్కరలేదు. ఫజ్ర్ తరువాత ఖాళీ అయిన మందిరంలో ఒక చప్పట్టు, దానిని నమోదు చేసే ఒక పరికరం ఉంటే చాలు. కమాను మూసిన తరువాత ఆ కొలత తిరిగి దొరకదు.